వేసవి వైన్‌లో నీళ్లదే పెద్దపీట

క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో గ్రీసులో హెసియోడ్ అనే కవి ఉండేవాడు. సేద్యం చేసుకుని బతికిన మనిషి. ఎప్పుడు దున్నాలి, ఎప్పుడు కోయాలి, పడవను ఎప్పుడు నీళ్లలోకి దించాలి అంటూ తోడబుట్టినవాడికి చెబుతున్నట్టుగా ఒక కావ్యం రాశాడు. అందులో నడివేసవి వర్ణన ఒకటి వస్తుంది. చెట్ల మీద కీచురాళ్లు ఆపకుండా గీపెడుతుంటాయి, ఎండకు ఒళ్లు వాడిపోతుంది. అలాంటి రోజున బండరాతి నీడన, చల్లగాలికి ఎదురుగా కూర్చుని వైన్ తాగమంటాడు హెసియోడ్. కొలత కూడా ఆయనే చెప్పాడు: మూడు వంతులు ఊటనీళ్లు, ఒక వంతు వైన్.

ఇప్పటి మామూలు వైన్‌లో ఆల్కహాల్ సుమారు 12 శాతం ఉంటుంది. దానికి మూడింతల నీళ్లు కలిపితే 3 శాతానికి దిగుతుంది. రసాయనశాస్త్రం అనే మాటే లేని రోజుల్లో ఒక రైతు చెప్పిన పాళ్లు ఇవి. ఎండాకాలంలో మన మూత్రపిండాలు తట్టుకోగలిగిన హద్దుకు ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తర్వాతి కాలంలో స్పెయిన్‌లో, హంగరీలో, ఇటలీలో, ఎండలు కాసి ద్రాక్ష పండే ప్రతిచోటా జనం ఇదే దారి పట్టారు. సాంగ్రియా, స్ప్రిట్జ్, తింతో దె వెరానో అని పేర్లు మారాయి. వీటన్నిటిలోనూ తాగినవాడికి సేద తీర్చేవి నీళ్లు, గ్యాసు, పులుపు, చల్లదనం. వైన్ ఆ నీళ్లకు రుచిని, వాసనను తెచ్చిపెట్టే దినుసు. వేసవి వైన్ పానీయాల గుట్టంతా ఇదేనని నా నమ్మకం. ఈ దినుసులు ఒక్కొక్కటీ నోట్లో, ఒంట్లో ఏం చేస్తాయో సైన్సు ఇప్పుడు చాలా వివరంగా చెప్పగలుగుతోంది.

నీళ్లు కలపకుండా వైన్ తాగడం గ్రీకుల దృష్టిలో అనాగరికం. విందుల్లో వైన్‌నూ నీళ్లనూ కలపడానికే వెడల్పాటి మూతి ఉన్న పెద్ద పాత్ర ఒకటి ఉండేది. దాన్ని క్రాటెర్ అనేవారు, అంటే కలిపే పాత్ర. ఇవాళ్టి గ్రీకు భాషలో వైన్‌ను క్రాసి అంటారు. ఆ మాటకు మూలం 'కలపడం' అనే అర్థమే. రోమన్ సైనికులు పులిసి వెనిగర్ అయిన వైన్‌ను నీళ్లలో కలుపుకుని పోస్కా అనే పేరుతో తాగేవారు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాడికి పుల్లటి నీళ్లు ఎంత ప్రాణం పోస్తాయో తరవాణి తాగి పొలానికి వెళ్లిన మన పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మూత్రపిండాల లెక్క

ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెదడు అడుగునున్న పీయూష గ్రంథి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. నీళ్లు బయటికి పోనివ్వకుండా వెనక్కి తీసుకోమని మూత్రపిండాలకు కబురు చేసేది అదే. ఆల్కహాల్ ఆ హార్మోన్‌ను అణిచేస్తుంది. దాంతో ఒంటికి నీళ్లు అవసరమైన సమయంలోనే మూత్రం ఎక్కువగా పోతుంది. చిక్కటి వైన్ తాగితే దప్పిక తీరకపోగా తెల్లారేసరికి నోరు పిడచగట్టుకుపోవడానికి ఒక కారణం ఇదే.

మరి ఎంత పలుచన చేస్తే ఈ నష్టం తగ్గుతుంది? 1997లో షిరెఫ్స్, మాన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తలు ఈ సంగతి పరీక్షించారు. కొందరి చేత వ్యాయామం చేయించి, చెమట బాగా పట్టాక, పోయిన నీటికి ఒకటిన్నర రెట్ల పానీయం తాగించారు. అందులో ఆల్కహాల్ ఒకసారి అసలు లేదు, తర్వాత 1 శాతం, 2 శాతం, 4 శాతం. 2 శాతం దాకా ఒళ్లు కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 4 శాతం దగ్గరికి వచ్చేసరికి మూత్రం పెరిగింది, కోలుకోవడం నెమ్మదించింది. హెసియోడ్ పాళ్లు సరిగ్గా ఈ రెండింటి మధ్య ఉన్నాయి. నేరుగా తాగే 12 శాతం వైన్ ఎంత దూరంలో ఉందో వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక పొరపాటు పడకూడదు. 100 మిల్లీలీటర్ల వైన్‌లో సుమారు తొమ్మిదిన్నర గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. దానికి లీటరు నీళ్లు కలిపినా ఆ తొమ్మిదిన్నర గ్రాములు అలాగే ఉంటాయి. నీళ్లు తగ్గించేది గాఢతను, తాగే వేగాన్ని. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విరగ్గొట్టగలదు. పొడుగు గ్లాసులో పలుచటి పానీయాన్ని గంటసేపు నెమ్మదిగా తాగితే కాలేయం పని ఎప్పటికప్పుడు దాదాపు తెమిలిపోతుంది. అదే వైన్ పది నిమిషాల్లో గొంతు దిగితే తెమలదు.

హంగరీ సన్యాసి పిచికారి

నీళ్లకు గ్యాసు తోడైన కథ ఇంగ్లండులో ఒక బీరు కార్ఖానా పక్కన మొదలైంది. 1767లో లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతగురువు ఆ పక్కింట్లో ఉండేవాడు. బీరు పులుస్తున్న తొట్ల మీద ఒక బరువైన గాలి పొరలాగా నిలిచి ఉండటం గమనించాడు. మన పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నది దీన్నే. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. తొట్టి పైన రెండు పాత్రలు పట్టుకుని నీళ్లను అటూ ఇటూ పోస్తే ఆ గాలి నీళ్లలో కలిసి, నాలుకకు చురుక్కుమనే నీళ్లు తయారయ్యాయి. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. 1783లో జెనీవాలో యోహాన్ యాకోబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చాడు.

దాన్ని వైన్ దగ్గరికి తెచ్చిన మనిషిగా హంగరీ వాళ్లు చెప్పుకునేది అన్యోష్ యెడ్లిక్ పేరు. 1800లో పుట్టిన బెనెడిక్టైన్ సన్యాసి, భౌతికశాస్త్ర ఆచార్యుడు. విద్యుత్ మోటారు మీద తొలి రోజుల్లోనే పనిచేశాడు, 1861లో డైనమో సూత్రాన్ని కనిపెట్టాడు. అంతటి శాస్త్రవేత్త 1826లో సోడా తయారుచేసే యంత్రం ఒకటి కట్టాడు. 1842 అక్టోబరు 5న బుడాపెస్టు దగ్గర ఫోట్ అనే ఊళ్లో, ఆండ్రాష్ ఫాయి అనే రచయిత ద్రాక్షతోటలో కోతల పండుగ జరిగింది. యెడ్లిక్ తన సోడాను అక్కడికి తీసుకెళ్లి అందరి వైన్ గ్లాసుల్లోకి చిమ్మించాడట. అలా చిమ్మడాన్ని జర్మన్ మాటతో స్ప్రిట్జర్ అంటుంటే, అక్కడే ఉన్న మహాకవి వొరొష్‌మర్తి దానికి ఫ్రోచ్ అని అచ్చ హంగరీ పేరు పెట్టాడని వాళ్లు చెప్పుకుంటారు. రెండు మాటలూ ఒకటే, మన పిచికారి లాంటివి.

ఫ్రోచ్‌లో నాకు ముచ్చటగొలిపేది దాని కొలతల పద్ధతి. నూరు మిల్లీలీటర్ల వైన్‌కు అంతే సోడా అయితే చిన్న ఫ్రోచ్. వైన్ రెండింతలై సోడా ఒక వంతే ఉంటే పెద్ద ఫ్రోచ్. ఒక వంతు వైన్‌కు రెండు వంతుల సోడా పోస్తే దాని పేరు 'పెద్ద అంగ'. మూడు వైన్‌కు రెండు సోడా 'ఇంటి కాపలాదారు', దాన్ని తిరగేస్తే 'ఉప కాపలాదారు'. అంటే బుడాపెస్టు వేసవి సాయంత్రం బల్ల దగ్గర కూర్చున్నవాడు పేరు చెప్పగానే ఆల్కహాల్ శాతం కూడా చెప్పేసినట్టే. 12 శాతం వైన్ అయితే పెద్ద ఫ్రోచ్ 8 శాతం, పెద్ద అంగ 4 శాతం. ఇంత నిక్కచ్చిగా పాళ్లను జనం నాలుక మీద నిలిపిన భాష ఇంకొకటి నాకు తెలియదు. బాలటన్ సరస్సు ఒడ్డున పండే ఓలాస్‌రిజ్లింగ్ అనే తెల్లద్రాక్ష వైన్ దీనికి బాగా కుదురుతుంది. తీపి లేకుండా, పులుపు బాగా ఉండే వైన్ అది. సగానికి పలుచన చేసినా పులుపు నిలబడుతుంది.

చురుక్కు ఎక్కడిది?

సోడా తాగితే నాలుక మీద గుచ్చినట్టు ఉంటుంది కదా, అది బుడగలు పగలడం వల్లేనని చాలామంది అనుకుంటారు. 2013లో ఒక ప్రయోగం జరిగింది. గాలి ఒత్తిడి బాగా పెంచిన గదిలో మనుషులను కూర్చోబెట్టి సోడా తాగించారు. ఆ ఒత్తిడిలో బుడగలు పుట్టవు. అయినా చురుక్కు తగ్గలేదు. కారణం నాలుకలోని రసాయనం. పులుపును పసిగట్టే కణాల మీద కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంటుందని, అది కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడికక్కడే ఆమ్లంగా మారుస్తుందని 2009లో చార్లెస్ జూకర్ బృందం చూపించింది. ఎత్తయిన కొండలెక్కేవాళ్లు వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఈ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. అందుకే ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు సోడా చప్పబడినట్టు ఉంటుంది. ఇక మంట సంగతి. ఆవపిండి ఘాటు ముక్కుకు కొట్టినప్పుడు ఏ గ్రాహకం కదులుతుందో, సోడా ముక్కులోకి ఎక్కినప్పుడు కదిలేదీ అదే. దాని పేరు ట్రిప్-ఏ1.

అలాగని బుడగలకు పనిలేదనుకోకండి. పగిలిన ప్రతి బుడగా కంటికి కనిపించనంత చిన్న తుంపరను పైకి ఎగజిమ్ముతుంది. ఆ తుంపరలతో పాటు వైన్ వాసన ముక్కుకు చేరుతుంది. నీళ్లు కలిపి ఆల్కహాల్ తగ్గించడం వల్ల కూడా కొన్ని పరిమళ పదార్థాలు ద్రవాన్ని వదిలి గాలిలోకి వస్తాయి, ఎందుకంటే వాటికి ఆల్కహాల్‌లో కరిగి ఉండటం ఇష్టం, నీళ్లలో కష్టం. సగం పలుచన చేసిన వైన్ వాసన సగానికి పడిపోకపోవడంలో ఈ రెండింటి చెయ్యీ ఉంది.

ఈ గ్యాసును కాపాడుకోవడమే పెద్ద పని. వాతావరణ ఒత్తిడి దగ్గర లీటరు నీరు 5 డిగ్రీల చల్లదనంలో సుమారు 2.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతుంది. అదే 30 డిగ్రీల దగ్గర 1.3 గ్రాములు కూడా పట్టదు. వేడి సోడాను వేడి వైన్‌లో పోస్తే గ్లాసు బుస్సుమని పొంగి, రెండు నిమిషాల్లో చప్పబడేది అందుకే. బుడగ పుట్టడానికి ఒక గరుకు చోటు కావాలి. పండ్ల పీచు, కరగని పంచదార పలుకు, గుడ్డతో తుడిచినప్పుడు గ్లాసుకు అంటుకున్న నూలుపోగు, ఏదైనా చాలు. అందుకని పంచదార ముందే పూర్తిగా కరగాలి, సోడా అన్నిటికంటే చివర పడాలి, గ్లాసును వంచి గోడ వెంట జారేలా పోయాలి. షాంపేన్ మీద ఫ్రాన్సులోని రైమ్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన కొలతల్లో కూడా వంచి పోసినప్పుడు గ్యాసు ఎక్కువగా మిగిలినట్టు తేలింది.

మన గోలీ సోడా ఈ కుటుంబంలోదే. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో ఆ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. గోలీని లోపలినుంచి రబ్బరు చుట్టుకు అదిమిపట్టి ఉంచేది నీళ్లలోని గ్యాసు ఒత్తిడే. బొటనవేలితో నొక్కగానే కీచుమని వచ్చే ఆ శబ్దం, ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోతున్న చప్పుడు.

ఐసు చేసే మేలు, చేటు

గ్లాసులో 250 మిల్లీలీటర్ల వైన్, సోడా మిశ్రమం ఉందనుకుందాం. సీసాలు రెండూ బయటే ఉన్నాయి, వేడి 30 డిగ్రీలు. దాన్ని 5 డిగ్రీలకు దించాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి 4.2 జౌళ్ల వేడి తీసెయ్యాలి కాబట్టి మొత్తం సుమారు 26 వేల జౌళ్లు. గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు మింగుతుంది. కరిగిన నీరు 5 డిగ్రీల దాకా వేడెక్కుతూ ఇంకో 21 జౌళ్లు తీసుకుంటుంది. లెక్క వేస్తే 73 గ్రాముల ఐసు కరగాలి. మూడు సెంటీమీటర్ల ఐసు ముక్క 25 గ్రాములు తూగుతుంది, అంటే మూడు ముక్కలు పూర్తిగా నీళ్లయిపోవాలి. మీరు కొలిచి పోసుకున్న పాళ్లలోకి చెప్పకుండా 73 మిల్లీలీటర్ల నీళ్లు వచ్చిచేరాయన్నమాట. గ్యాసు లేని చప్పిడి నీళ్లు.

అవే సీసాలను ముందే ఫ్రిజ్‌లో పెట్టి 8 డిగ్రీలకు తెస్తే? అప్పుడు కరగాల్సిన ఐసు 9 గ్రాములే. గ్లాసు బయటి వేడికి ఇంకాస్త కరిగినా పాళ్లు పెద్దగా చెడవు. కాబట్టి ఐసుతో చల్లబరచకండి, చల్లబడినదాన్ని ఐసుతో నిలబెట్టండి. తొందరగా ఉంటే సీసాను బక్కెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి అందులో ముంచండి. వట్టి ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది, గాలి వేడిని సరిగ్గా లాగదు. నీళ్లు ఉంటే సీసా ఒంటికి మొత్తం తగులుతాయి. ఉప్పు ఐసును సున్నా కంటే కిందికి దింపుతుందన్న సంగతి కుల్ఫీ బండివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంకో ఉపాయం, గింజల్లేని ద్రాక్షపళ్లను డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడేదాకా ఉంచి ఐసుకు బదులు వెయ్యడం. లోపలి నీరు కరుగుతూ వేడిని తీసుకుంటుంది, తొక్క ఉండటం వల్ల బయటికి కారదు.

చల్లదనం రుచిని కూడా మారుస్తుంది. తీపిని మెదడుకు చేరవేసే ట్రిప్-ఎమ్5 అనే మార్గం వెచ్చగా ఉంటే చురుగ్గా, చల్లగా ఉంటే మందకొడిగా పనిచేస్తుందని 2005లో తేలింది. కరిగిన ఐస్‌క్రీమ్ నోట్లో పెట్టుకుంటే తీపి ముఖం మొత్తేది ఇందుకే. వేసవి పానీయం గది వేడిలో రుచి చూసినప్పుడు కాస్త తీపి ఎక్కువైనట్టు ఉంటేనే ఐసులో సరిపోతుంది. చలిని పసిగట్టే గ్రాహకం ఇంకొకటుంది, ట్రిప్-ఎమ్8. పుదీనాలోని మెంథాల్ కూడా దాన్నే తట్టి లేపుతుంది. గ్లాసులో రెండు పుదీనా రెమ్మలు వేస్తే థర్మామీటరు కదలదు, నాలుకకు మాత్రం రెండు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది.

వగరు సంగతి

స్పెయిన్ దక్షిణాన ఆందలూసియా ఎండలు మన రామగుండం, రెంటచింతల ఎండలకు తీసిపోవు. 2021 ఆగస్టులో కోర్దోబా ప్రాంతంలో 47 డిగ్రీలు దాటింది. అక్కడివాళ్లు తాగేది తింతో దె వెరానో, అంటే వేసవి ఎర్ర వైన్. సగం ఎర్ర వైన్, సగం గాసెయోసా అనే కొద్దిపాటి తీపి సోడా, ఐసు, ఒక నిమ్మచెక్క. అంతే. 20వ శతాబ్దం మొదట్లో కోర్దోబాలో వర్గాస్ అనే పూటకూళ్లింటి యజమాని దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు.

ఎర్ర వైన్‌ను చల్లబరిస్తే ఒక చిక్కుంది. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. నోట్లో జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. చాలా భాషలవాళ్లు దీన్ని చేదుతో కలిపేసి తడబడతారు. మనకు వగరు అని విడిగా పేరుంది, షడ్రుచుల్లో చోటుంది, ఉగాది పచ్చడిలో మామిడి పిందెగా ఏటా పలకరిస్తుంది. సైన్సు మాత్రం వగరు రుచికంటే స్పర్శకే దగ్గర అంటుంది. చల్లదనంలో వగరు, చేదు ఎక్కువగా తెలుస్తాయి. ఓక్ పీపాల్లో ఏళ్లు మాగిన ఖరీదైన ఎర్ర వైన్‌లో ఐసు వేస్తే నోరు బిగుసుకుపోతుంది, దాని పరిమళం కూడా చలికి ముడుచుకుంటుంది. వేసవి గ్లాసుకు లేతగా, కొత్తగా, చవగ్గా ఉన్న వైనే సరైనది. గాసెయోసాలోని తీపి ఆ కాస్త వగరును కప్పుతుంది.

నీళ్లు పడగానే ఎర్ర వైన్ రంగు అనుకున్నదానికంటే ఎక్కువగా వెలవెలబోతుంది. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు చిక్కటి వైన్‌లో వేరే పదార్థాలతో జతకట్టి రంగును పెంచుకుంటాయి. పలుచన కాగానే ఆ జతలు విడిపోతాయి. నిమ్మరసం పిండితే పులుపుకు ఎరుపు మళ్లీ తేరుకుంటుంది.

సాంగ్రియా, మాగాయ

సాంగ్రియా పేరు స్పానిష్‌లో నెత్తురు అనే మాటతో ముడిపడి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ మంటపం అమెరికన్లకు దీన్ని అలవాటు చేసింది. యూరోపియన్ యూనియన్ 2014 నిబంధనల ప్రకారం స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో తయారైనదే సాంగ్రియా పేరుతో అమ్మాలి. అందులో ఆల్కహాల్ నాలుగున్నర శాతానికి తగ్గకూడదు, 12 శాతానికి చేరకూడదు.

సాంగ్రియాకు పండు ముక్కలే ప్రాణం. కమలాపండును తొక్కతో సహా చక్రాల్లా కోసి, మూడు చెంచాల పంచదార చల్లి అరగంట వదిలెయ్యండి. గిన్నె అడుగున బంగారు రంగు రసం చేరి ఉంటుంది. మాగాయకు మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట దిగడం లాంటిదే ఇది. బయట పంచదార గాఢత ఎక్కువైతే ముక్కలోని కణాల నుంచి నీరు గోడలు దాటి బయటికి వస్తుంది. అదే ద్రవాభిసరణం. తొక్కలో మెరిసే చిన్న చిన్న బొడిపెల్లో లిమొనీన్ అనే నూనె ఉంటుంది. వట్టి నీళ్లలో అది కరగదు, ఆల్కహాల్ ఉన్న వైన్‌లోకి కొంత దిగుతుంది. కమలా వాసనలో ఆ నూనెకు పెద్ద పాత్ర ఉంది. అందుకే వైన్‌ను ముందు పండుతో కలిపి నానబెట్టి, సోడాను తాగే ముందు పొయ్యాలి. మొదటే పలుచన చేస్తే ఆ నూనె అంతగా దిగదు.

అలాగని రాత్రంతా నానబెట్టకండి. తొక్క కింది తెల్లపొరలోంచి, గింజల్లోంచి చేదు దిగుతుంది. బత్తాయి రసం తీసిన వెంటనే తియ్యగా ఉండి, గంట ఆగితే చేదెక్కడం మనందరికీ అనుభవమే. పండు కణాలు చితికాక ఆమ్లం తగిలి లిమోనిన్ అనే చేదు పదార్థం మెల్లగా పుడుతుంది. సాంగ్రియా కూజాలోనూ జరిగేది అదే. రెండు మూడు గంటలు చాలు, తర్వాత చక్రాలు తీసేసి కొత్తవి వేసుకోవచ్చు.

ఇటలీ స్ప్రిట్జ్ గురించి ఒక్కమాట చెప్పి తీరాలి. వెనిస్ ప్రాంతం 1866 దాకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది, అక్కడి వైన్‌ను నీళ్లు చిమ్మి తాగిన ఆస్ట్రియన్ల అలవాటు నుంచే ఆ పేరు వచ్చిందంటారు. కానీ ఇవాళ ప్రపంచమంతా తాగుతున్న నారింజరంగు స్ప్రిట్జ్ వేరు. మూడు వంతుల ప్రొసెక్కో, రెండు వంతుల ఆపెరోల్, ఒక్క వంతు సోడా. మొదటి రెండూ 11 శాతం దగ్గరివే. 180 మిల్లీలీటర్ల గ్లాసులో 9 శాతానికి పైగా ఆల్కహాల్ ఉంటుంది, బరువులో 13 గ్రాములు. తియ్యగా, చల్లగా, బుడగలతో ఉండి నీళ్లలా దిగిపోతుంది, నిజానికి వైన్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. పలుచన చేసి తాగాలన్న పాత తెలివి ఇందులో పేరుకే మిగిలింది.

నోరు చెప్పేది, ఒళ్లు అడిగేది

ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పనిచేసే మొనెల్ పరిశోధన కేంద్రం 2016లో ఒక సంగతి వెల్లడించింది. దాహంతో ఉన్నవాళ్లకు ఒకే కొలతలో రకరకాల పానీయాలు ఇచ్చి, తర్వాత ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని తాగమన్నారు. చల్లగా, గ్యాసుతో ఉన్నది తాగినవాళ్లకు దప్పిక ఎక్కువ తీరినట్టు అనిపించింది, తర్వాత వాళ్లు తక్కువ నీళ్లు తాగారు. అంటే చలి, చురుక్కు కలిస్తే నోరు ముందే చాలంటుంది, ఒంటికి కావలసిన నీళ్లు ఇంకా చేరనే లేదు. వేసవిలో ఈ హాయి వెనకున్న ప్రమాదమూ ఇదే.

మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే ఇది ఇంకా ముదురుతుంది. ఆల్కహాల్ చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ నాళాల ద్వారా వేడి లోపలికే వస్తుంది. ఒంటికి చెమట ఒక్కటే దిక్కు, చెమటకు కావలసిన నీళ్లు మూత్రంగా పోతుంటాయి. నీడకు పోవాలన్న తెలివి కూడా మందగిస్తుంది. గ్యాసు ఉన్న పానీయంలో ఆల్కహాల్ చాలామందిలో వేగంగా రక్తంలోకి ఎక్కుతుందని కూడా కొన్ని ప్రయోగాలు చూపాయి. ఆల్కహాల్ పానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. ఎంత తక్కువైనా క్షేమమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగే అలవాటున్నవాళ్లకు నేను చెప్పేదొక్కటే: ఎండ దిగాక, ముందు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి, అన్నం తిన్నాక, ఒక వంతు వైన్‌కు రెండు వంతుల సోడా.

తాగనివాళ్లు ఏదో పోగొట్టుకున్నామని అనుకోవద్దు. నల్లద్రాక్షను తొక్కతో సహా నలిపి వడగట్టిన రసం అర గ్లాసు తీసుకోండి. వైన్‌లోని వగరు కోసం చల్లారిన టీ డికాక్షన్ మూడు చెంచాలు కలపండి, టీలోనూ ఉన్నవి టానిన్లే. పులుపుకు అర చెక్క నిమ్మరసం, చలువకు నలిపిన పుదీనా. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, గ్లాసు వంచి పట్టుకుని, సోడా మాత్రం చివర్లో పోయండి.